గర్వం, పాపానికి ఆరంభం: క్రైస్తవ చింతన

నిర్వచనం, పరిధి

సృష్టి పొందిన జీవి తనకు ఉనికినిచ్చిన దేవుణ్ణి ఆనుకొని బతకడానికి ఒప్పుకోక, తన మంచిచెడులకు తానే కొలతగా నిలబడాలనుకోవడాన్ని క్రైస్తవ వేదాంతం గర్వం అంటుంది. బడాయి, డాంబికం, అతిశయం వంటివి దీని పైకి కనిపించే రూపాలు మాత్రమే. పాపం ఎక్కడ మొదలైంది అన్న ప్రశ్నకు పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయం ఎక్కువగా ఇచ్చిన జవాబు ఈ గర్వమే. మొదట దేవదూతల్లో కొందరు, ఆ తరువాత ఆదాము హవ్వలు దీనివల్లనే పతనమయ్యారని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆ పతనపు ఫలితం మానవజాతికంతటికీ సంక్రమించిందన్న బోధను ప్రొటెస్టెంటులు ఆదిపాపమనీ, కథోలికులు జన్మపాపమనీ వ్యవహరిస్తారు.

ఈ సిద్ధాంతాన్ని రూపొందించినవారిలో చాలామంది పీఠాధిపతులు, మఠాధిపతులు, విశ్వవిద్యాలయ పండితులు. తెలుగునేలపై దాన్ని విన్నవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల ప్రజలు. నర్మెట్ట ఉన్న జనగామ ప్రాంతం, డోర్నకల్ ఉన్న మహబూబాబాద్ ప్రాంతం, వాటికి ఆవలి భూపాలపల్లి అడవి పల్లెలు ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగాలు. దొర ముందు చెప్పులు విప్పి, నడుము వంచి, “నీ బాంచన్ కాల్మొక్త” అనవలసి వచ్చిన మనుషులకు గర్వమే మొదటి పాపమని చెబితే దాని అర్థమేమిటి? సిద్ధాంత చరిత్రను ఈ ప్రశ్నతో కలిపి చదివినప్పుడు ఒక సంగతి తేలుతుంది. గర్వాన్ని పాపమూలంగా చెప్పిన ప్రధాన రచనల్లోనే సాటి మనిషిపై పెత్తనం ఆ గర్వపు మొదటి ఫలంగా గుర్తింపు పొందింది. అణగి ఉండమన్న ఉపదేశం ఆ మూలం నుంచి సూటిగా రాదు.

లేఖన ఆధారాలు

ఆదికాండము 3వ అధ్యాయంలో గర్వం అన్న మాట లేదు. అక్కడున్నవి సర్పం మాట, దేవుని ఆజ్ఞపై అనుమానం, మంచిచెడ్డల తెలివినిచ్చే చెట్టు పండు, దేవతలవంటివారవుతారన్న ఆశ. ఈ చివరి అంశాన్ని పట్టుకునే వ్యాఖ్యాతలు ఆ కథలో గర్వాన్ని చూశారు. సాతాను పతనానికి ఆధారంగా చూపే యెషయా 14, యెహెజ్కేలు 28 అధ్యాయాలు వాటి సందర్భంలో రాజులను ఉద్దేశించినవి. మొదటిది ఆకాశానికెక్కి మహోన్నతునితో సమానం కావాలనుకున్న బబులోను రాజుపై ఎత్తిపొడుపు పాట. రెండోది తన అందాన్ని, సంపదను చూసుకొని మనసు పొంగిన తూరు రాజును గురించిన శోకగీతం. కొత్త నిబంధనలో 1 తిమోతి 3:6 గర్వించినవాడు అపవాదికి కలిగిన శిక్షకు లోనవుతాడని హెచ్చరిస్తుంది. లూకా 10, యూదా పత్రిక, ప్రకటన 12 పడిపోయిన దూతలను ప్రస్తావిస్తాయి గాని వారి మనసులో ఏం జరిగిందో వివరించవు.

గర్వమే సకల పాపాలకు ఆరంభమని నేరుగా చెప్పేది సీరా జ్ఞానగ్రంథం 10వ అధ్యాయపు లాటిన్ పాఠం. గ్రీకు పాఠంలో ఆ వాక్యం క్రమం తిరగబడి, గర్వానికి ఆరంభం పాపమని ఉంటుంది. పైగా ఈ గ్రంథం కథోలిక బైబిలులో ఉంది, ప్రొటెస్టెంటు బైబిలులో లేదు. అందుచేత జనగామ బాప్టిస్టు విశ్వాసి చేతిలోని తెలుగు బైబిలులో, ఈ సిద్ధాంతానికి శాస్త్రరూపమిచ్చిన అగస్టీను ఎక్కువగా ఆధారపడిన ఆ వాక్యం కనబడదు. సిద్ధాంతం ఒక్క వచనంపైనే నిలిస్తే ఇది పెద్ద లోపమయ్యేది. కాని దాని బలం వేరేచోట ఉంది. బాబెలు గోపురం, ఫరో మొండితనం, నెబుకద్నెజరు పతనం, పరిసయ్యుడి ప్రార్థన, అన్నిటికన్నా ముఖ్యంగా లూకా 1లోని మరియ గీతం ఒకే దిశలో నడుస్తాయి. ఆ గీతంలో గర్విష్ఠులు చెదిరిపోతారు, బలవంతులు సింహాసనాల నుంచి పడిపోతారు, దీనులు పైకెత్తబడతారు. ఇక్కడ గర్విష్ఠుల పక్కనే నిలిచినవారు సింహాసనాలపై కూర్చున్నవారు. ఈ పొత్తును గమనించకుండా గర్వం గురించిన బైబిలు బోధను వివరించడం అసంపూర్ణం.

తొలి శతాబ్దాలు

తొలి సంఘ పితరులందరూ గర్వాన్నే మొదటి పాపంగా ఎంచలేదు. సొలోమోను జ్ఞానగ్రంథం 2:24 సాతాను అసూయ వల్ల మరణం లోకంలోకి వచ్చిందని చెప్పడంతో, 2వ శతాబ్దపు ఇరేనియసు, 3వ శతాబ్దపు సిప్రియను మనిషిపై సాతానుకు కలిగిన అసూయను ముందుకు తెచ్చారు. ఇరేనియసు ఆదామును ఎదుగుదల పూర్తికాని పసివాడిగా కూడా చిత్రించాడు. ఆ చిత్రంలో తిరుగుబాటు కంటే అపరిపక్వతకే చోటెక్కువ. యెషయా, యెహెజ్కేలు భాగాలను సాతాను పతనానికి అన్వయించి వివరించినవాడు ఓరిజెను (సుమారు 185–254). ఆయన ‘మూలసూత్రాలు’ గ్రంథం మొదటి భాగంలో ఆ వ్యాఖ్యానముంది.

యూదు, క్రైస్తవ వర్గాల్లో ప్రచారమైన ‘ఆదాము హవ్వల జీవితం’ అనే కథనంలో దేవుని స్వరూపంలో పుట్టిన ఆదాముకు మొక్కడానికి సాతాను నిరాకరిస్తాడు. తాను ముందు పుట్టినవాడినన్నది అతని వాదన. తరువాతి కాలపు ఖుర్ఆన్‌లో ఇబ్లీసు, తాను అగ్నితో పుట్టానని, ఆదాము మట్టితో పుట్టాడని చెప్పి వంగడానికి ఒప్పుకోడు. రెండు కథల్లోనూ గర్వం పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులు లెక్కించే బుద్ధిగా బయటపడుతుంది. జనగామ, వరంగల్ పల్లెల్లో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు తరాలుగా ఇరుగుపొరుగున బతికారు. పుట్టుక పేరిట మనుషులను మెట్లు మెట్లుగా పేర్చిన సమాజంలో ఈ కథాంశానికున్న పదును వేరుగా చెప్పనక్కరలేదు.

అగస్టీను ప్రతిపాదన

ఉత్తరాఫ్రికాలోని హిప్పో పీఠాధిపతి అగస్టీను (354–430) ఈ ఆలోచనకు శాస్త్రరూపమిచ్చాడు. 413–426 మధ్య రాసిన ‘దైవనగరం’లో ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇది: దేవుడు చేసినదంతా మంచిదైతే చెడ్డ సంకల్పం ఎక్కడి నుంచి వచ్చింది? చెడుకు వేరే మూలపదార్థం ఉందని చెప్పే మణిక్యుల మతాన్ని యౌవనంలో అనుసరించి వదిలినవాడు కాబట్టి ఆయనకిది పుస్తకాల ప్రశ్న కాదు. 12వ భాగంలో ఇచ్చిన జవాబు ప్రకారం చెడ్డ సంకల్పానికి దాన్ని పుట్టించే కారణం లేదు. ఉన్నదల్లా ఒక లోటు. అత్యున్నతమైనదాన్ని వదిలి జీవి తనవైపు తిరగడమే ఆ లోటు. 14వ భాగం 13వ అధ్యాయంలో ఈ తిరగడానికి గర్వమని పేరు పెట్టాడు. పండు తినడం బయటి క్రియ. లోపలి సంకల్పం అప్పటికే చెడిపోయి ఉండకపోతే ఆ క్రియ జరిగేది కాదు. అదే అధ్యాయంలో ఆయన మరో విషయం చెప్పాడు. వినయం మనసును పైకి లేపుతుంది, గర్వం కిందికి దించుతుంది. ఎందుకంటే మనసు తనకంటే పైనున్న దేవుణ్ణి ఆనుకొన్నప్పుడే ఎదుగుతుంది.

ఈ సిద్ధాంతపు సామాజిక పక్షం 19వ భాగంలో ఉంది. 12వ అధ్యాయంలో గర్వాన్ని దేవునికి వక్రమైన అనుకరణగా అగస్టీను వర్ణించాడు. దేవుని కింద తోటివారితో సమానంగా ఉండడం గర్వానికి గిట్టదు. దేవుని పాలనకు బదులు తన పాలనను తోటివారిపై రుద్దాలని చూస్తుంది. 15వ అధ్యాయంలో మనిషి మనిషిని ఏలాలని దేవుడు మొదట ఉద్దేశించలేదనీ, దాస్యం పాపం వల్ల వచ్చిందనీ అన్నాడు. ఇంత చెప్పినవాడు దాస్యాన్ని పాపానికి శిక్షగా కూడా భావించి, దాసులు యజమానులకు లోబడాలనే బోధించాడు. తన ఆలోచన చేరవలసిన చోటికి ఆయన చేరలేదన్నది ఈ వ్యాసపు అంచనా. అయినా సమానత్వాన్ని సహించలేకపోవడమే గర్వ లక్షణమన్న ఆయన గమనిక, ఆయన ఇచ్చిన ఉపదేశం కంటే దూరం వెళ్లింది.

ఆదాము పాపఫలం వారసులకు ఎలా చేరుతుందన్నది వేరే వివాదం. ఆ పాపం వారసులకు సంక్రమించదన్న పెలాగియుసు వాదాన్ని 418లో కార్తేజి సభ తిరస్కరించింది. 529లో ఆరెంజి సభ, 1546లో ట్రెంటు మహాసభ ఈ బోధను మరింత స్థిరపరిచాయి. తూర్పు సంఘాలు ఆదాము నుంచి మరణం, బలహీనత సంక్రమించాయని నమ్ముతాయి గాని, అగస్టీను చెప్పిన రీతిలో అపరాధం సంక్రమించిందని అంగీకరించవు (చూ. ఆదిపాపం).

మఠాల జాబితాలు, అక్వినాసు విశ్లేషణ

ఈజిప్టు ఎడారి సన్యాసుల అనుభవాన్ని క్రోడీకరించిన ఎవాగ్రియుసు ఎనిమిది దురాలోచనలను లెక్కించాడు. కాసియను వాటిని పశ్చిమానికి తెచ్చి, తన ‘నియమావళి’ పన్నెండో పుస్తకాన్ని పూర్తిగా గర్వానికి కేటాయించాడు. 590–604 మధ్య పోపుగా ఉన్న గ్రెగరీ, యోబు గ్రంథ వ్యాఖ్యానంలో గర్వాన్ని జాబితా నుంచి పైకి తీసి, అన్ని దుర్గుణాలకూ రాణిగా చూపాడు. తరువాతి కాలంలో స్థిరపడిన ఏడు ప్రధాన పాపాల పట్టికకు ఇదే పునాది. తెలుగు పాఠకులకు తెలిసిన అరిషడ్వర్గంలోనూ మదం ఉంది. అయితే అక్కడ అది ఆరింటిలో ఒకటి, తక్కినవాటికి జనకం కాదు.

థామస్ అక్వినాసు (1225–1274) ప్రశ్నను విడగొట్టి చూశాడు. ధనాశ సమస్త కీడులకు మూలమని 1 తిమోతి 6:10 చెబుతుంటే గర్వం ఆరంభమెలా అవుతుంది? పాపాలకు సాధనాలు సమకూర్చేది ధనాశ కాబట్టి అది వేరు వంటిదనీ, దేవుని నుంచి ముఖం తిప్పుకోవడంలో గర్వం మొదటిదనీ ఆయన సమాధానం. దేవదూతలకు శరీరం లేదు గనుక వారికి గర్వం, అసూయ తప్ప వేరే పాపం సాధ్యం కాదన్నాడు. మొదటి మనిషి పాపాన్ని గూడా గర్వంగానే తేల్చాడు. మంచిచెడులను తన స్వశక్తితో నిర్ణయించుకోవాలన్న కోరికలో ఆ గర్వం ఉంది.

సంస్కర్తల సవరణ

16వ శతాబ్దంలో లూథరు ఆదికాండముపై ఉపన్యసిస్తూ తొలి పాపపు మూలాన్ని అవిశ్వాసంలో చూశాడు. హవ్వ ముందు దేవుని మాటను సందేహించింది, తక్కినదంతా ఆ వెనుక వచ్చింది. కాల్విను 1559 నాటి ‘క్రైస్తవమత సంస్థాపన’ రెండో పుస్తకం మొదటి అధ్యాయంలో అగస్టీను మాట తప్పు కాదంటూనే, ఆదికాండం క్రమాన్ని బట్టి విశ్వాసఘాతుకమే మొదటిదని, పైకెక్కాలన్న ఆశ, గర్వం, కృతఘ్నత దాన్నుంచి పుట్టాయని దిద్దాడు. యెషయా 14ను సాతాను కథగా చదవడాన్నీ ఆయన ఒప్పుకోలేదు. వాచ్యార్థంలో ఆయనదే సరైన వాదం. అయినా ఈ సవరణ గర్వ సిద్ధాంతాన్ని కూల్చదు. దేవుని మాటను నమ్మనివాడు ఆ స్థానంలో తన తీర్పును నిలబెడతాడు. తన తీర్పే చాలనుకున్నవాడు దేవుని మాటను నమ్మడు. రెండు వర్ణనలూ ఒకే మరలింపును రెండు వైపుల నుంచి చూస్తాయి. తెలుగు ప్రాంతాల్లో లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు, బాప్టిస్టు, కథోలిక మిషన్లన్నీ పనిచేశాయి గనుక ఈ రెండు వివరణలూ ఇక్కడి బోధలో పక్కపక్కనే నిలిచాయి.

తెలుగు శ్రోత ముందున్న కథలు

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెరను పోతన స్వగ్రామంగా స్థానిక సంప్రదాయం చెబుతుంది. ఆయన భాగవతంలో వైకుంఠ ద్వారపాలకులైన జయవిజయులు సనకాది మునులను అడ్డగించి శాపానికి గురవుతారు. బలి, హిరణ్యకశిపుల కథల్లోనూ అధికార మదం విరిగిపడుతుంది. పైనున్నవారు పడిపోయే కథ ఈ ప్రాంతపు క్రైస్తవ శ్రోతకు కొత్తది కాదు. భేదం మరోచోట ఉంది. జయవిజయులకు మూడు జన్మల తరువాత తిరిగివచ్చే దారి మొదటే నిర్ణయమై ఉంది. క్రైస్తవ ప్రధాన సంప్రదాయంలో పడిన దూతలకు తిరుగుదారి లేదు. అలాంటిది ఉండవచ్చన్న ఓరిజెను అనుచరుల వాదాన్ని 6వ శతాబ్దంలో సంఘం ఖండించింది. మనిషికి మాత్రం ఆ దారి తెరుచుకుంది. అది తెరిచిన తీరు ఫిలిప్పీ 2లో ఉంది: దేవునితో సమానుడైనవాడు దాసుని రూపం ధరించి శిలువ మరణం వరకూ తగ్గాడు. ఆదాము ఎక్కాలని చూశాడు, క్రీస్తు దిగాడు అన్న ఈ జోడింపు క్రైస్తవ విమోచన బోధలో తరచుగా కనిపిస్తుంది.

డోర్నకల్ అధ్యక్ష మండలం

ఈ సిద్ధాంతం తెలుగునేలపై ఎలా పనిచేసిందో చూడడానికి స్పష్టమైన ఉదాహరణ డోర్నకల్. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ ఇక్కడ సువార్త పని ప్రారంభించింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది డోర్నకల్ తొలి అధ్యక్షుడయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆయన నియామకాన్ని కొందరు పాశ్చాత్య మిషనరీలు వ్యతిరేకించారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని పల్లెలు తిరిగారు.

గర్వం గురించిన ఆయన అవగాహనకు తొలి బహిరంగ సాక్ష్యం 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో చేసిన ప్రసంగం. విదేశీ మిషనరీల త్యాగాన్ని గుర్తిస్తూనే, వారు భారతీయ సహోద్యోగులను సమానులుగా చూడడం లేదని ఆయన ఆ సభలోనే అన్నారు. ఇప్పుడు కావలసింది స్నేహమని విన్నవించారు. సువార్త కోసం సర్వం విడిచి వచ్చినవారిలోనూ జాతి ఆధిక్యభావం మిగిలి ఉండవచ్చన్న ఈ విమర్శ, భక్తి మాటున దాగే గర్వాన్ని గురించి కాసియను, గ్రెగరీ చేసిన హెచ్చరికకు దగ్గరిది.

డోర్నకల్ సంఘాల్లో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. వారిపై పైకులాల పెత్తనం ఉంది. వారిలో వారికీ హెచ్చుతగ్గుల పట్టింపులున్నాయి. కలిసి తినడానికి, కలిసి కూర్చోవడానికి వెనుకాడిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకోవాలని సంఘం పట్టుబట్టింది. తనకంటే ఒక మెట్టు కిందున్నవాడిని వెతుక్కోవడం అణచివేతకు గురైనవాడిలోనూ ఉండగలదన్న నిజాన్ని ఈ పట్టుదల దాచలేదు. అదే సమయంలో బాప్తిస్మం పొందినవారు తమ తలపై తామే చేయి పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను పలికే పద్ధతిని అజరయ్య నెలకొల్పారు. ఊరి నడుమ నోరెత్తే హక్కు లేని మనిషికి మాట్లాడడం ఇక్కడ కర్తవ్యమైంది. వంటకు ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం కానుక కూడా ఇలాంటిదే. ఎప్పుడూ చేయి చాచవలసిన ఇంటికి అది ఇచ్చే స్థానం కల్పించింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ దేవాలయంలో హిందూ, ముస్లిం కట్టడాల శైలులు కలిసి ఉన్నాయి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఈ మండలం భాగమైంది. పక్కనే హనుమకొండ, జనగామల్లో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్, 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక పీఠం తమ తమ పద్ధతుల్లో పనిచేశాయి.

ఆక్షేపణలు, సమాధానాలు

అమెరికన్ వేదాంతి రైన్‌హోల్డ్ నీబర్ 1939 నాటి గిఫర్డ్ ఉపన్యాసాల్లో అధికార గర్వం, జ్ఞాన గర్వం, ధార్మిక గర్వం అని విభజించి, జాతులు, వర్గాలు సామూహికంగా గర్వించే తీరును విశ్లేషించాడు. ఈ ధోరణిపై బలమైన ఆక్షేపణ 1960లో స్త్రీవాద వేదాంతి వాలరీ సేవింగ్ వ్యాసంతో వచ్చింది. గర్వాన్ని అందరి మూలపాపంగా చెప్పడం పురుషుల అనుభవాన్ని మానవ అనుభవంగా పొరబడడమేనని ఆమె వాదం. ఇతరుల కోసం తనను తాను చెరిపేసుకోవడమే అలవాటైన స్త్రీకి, తగ్గించుకోమన్న ఉపదేశం రోగాన్ని పెంచే మందవుతుంది. భారతదేశంలో 1980లలో అరవింద్ నిర్మల్ వంటివారు ఆరంభించిన దళిత వేదాంతం ఇదే ప్రశ్నను కులం వైపు నుంచి అడిగింది. హైదరాబాదులో 1982లో వెలువడిన కె. విల్సన్ గ్రంథం దళిత క్రైస్తవుల పరిస్థితిని రెండింతల పరాయీకరణగా విశ్లేషించింది.

ఈ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చలేం. దీనత్వం పేరిట అన్యాయాన్ని సహించమన్న బోధ చరిత్రలో జరిగింది. అగస్టీను దాసులకిచ్చిన ఉపదేశం అందుకు నిదర్శనం. అయితే ఆక్షేపణ తగిలేది గర్వాన్ని ఆత్మగౌరవంతో కలిపేసిన బోధకు. గర్వం సమానత్వాన్ని ద్వేషించడమైతే, సమానత్వం కోరేవాడిపై ఆ నేరం మోపడం కుదరదు. జనగామ తాలూకాలో విస్నూరు దేశ్‌ముఖ్ గడీ వెట్టిచాకిరి చేయించుకున్న రోజుల్లో, దేవుని చోట నిలబడాలని చూసింది గడీయే. 1946 జూలై 4న కడవెండిలో ఆ గడీకి ఎదురుగా ఊరేగిన రైతుల్లో దొడ్డి కొమరయ్య తూటాకు బలైనప్పుడు, ఆ ఊరేగింపు తలెత్తి నడవడాన్ని అగస్టీను నిర్వచనం ప్రకారం గర్వమనలేం. ఆ రైతు పోరాటం నడిపినవారి సిద్ధాంతం వేరు. ఇక్కడ దాన్ని పేర్కొనడం నిర్వచనాన్ని పరీక్షించడానికి మాత్రమే. సేవింగ్ చెప్పిన ఆత్మవిలోపాన్ని కూడా ఈ చట్రంలోనే వివరించవచ్చు. యజమానినో, భర్తనో, కులాన్నో తన ఉనికికి ఆఖరి మూలంగా ఒప్పుకోవడం కూడా దేవుణ్ణి వదిలి సృష్టిని ఆనుకోవడమే. కాని దాన్ని గర్వమని పిలవడం బలవంతం అవుతుంది. పాపానికి ఆ రెండో ముఖం ఉందని ఒప్పుకోవడమే నిజాయితీ. అలా ఒప్పుకున్నప్పుడు, గర్వం ఒక్కటే అన్ని పాపాలకూ ఆరంభమన్న పాత వాక్యం కొంత కుంచించుకుపోతుంది.

ఆరాధనలో, బోధలో స్థానం

కథోలిక బోధలో గర్వం ఏడు ప్రధాన పాపాల్లో మొదటిదిగా ఆత్మపరిశీలనలోను, పాపసంకీర్తనంలోను చోటు చేసుకుంటుంది. పవిత్ర గురువారం నాటి పాదప్రక్షాళన ఆచారంలో గురువే వంగి విశ్వాసుల కాళ్లు కడుగుతాడు. బాప్టిస్టు సంఘాల్లో ఈ బోధ ఎక్కువగా ప్రసంగాల ద్వారా, పశ్చాత్తాపానికి పిలుపు ద్వారా అందుతుంది. ఆంగ్లికన్ ప్రార్థన క్రమం వాడిన డోర్నకల్ పల్లె సంఘాల సాయంకాల ఆరాధనలో మరియ గీతం నిర్ణీత భాగం. చదువురానివారు దాన్ని కంఠస్థం చేసి పాడుకునేవారు (చూ. మరియ గీతం, జన్మపాపం, సాతాను, దళిత వేదాంతం).